మిర్యాలగూడ నుంచి ఉప్పునీటి పాయల్లో గాలం, పడవ: బాపట్ల, నిజాంపట్నం, నాగాయలంక, ఎటు పోదాం?

మిర్యాల_గాలం:
అందరికీ నమస్తే. మేము నలుగురం దోస్తులం, మిర్యాలగూడ, హాలియా వాళ్ళం. సాగర్ బ్యాక్‌వాటర్, వాడపల్లిలో కృష్ణా మూసీ కలిసే చోటు, పులిచింతల వెనక నీళ్ళు, ఇవన్నీ మాకు బాగా అలవాటే. ఈసారి సముద్రం పక్కన ఉప్పునీటి పాయల్లో, మడ అడవుల అంచుల్లో గాలం వేయాలని ఉంది. బీచ్‌లో స్నానాలు, ఫొటోల కోసం కాదు. ఆ బురద నేలల మధ్య చిన్న పడవ మీద తిరగాలి, వీలైతే ఒక పండుగప్ప చేప పట్టాలి. సంక్రాంతి లోపు ఒక శని, ఆదివారం చూసుకుంటున్నాం. ఎక్కడికి పోతే బాగుంటుంది, మా మంచినీళ్ళ రాడ్లు, రీళ్ళు అక్కడ పనికొస్తాయా, మా దగ్గర గాలి నింపే కయాక్ ఉంది, అది తెచ్చుకోవచ్చా? తెలిసినవాళ్ళు చెప్పండి.

పాలమూరు_పడవ:
అంత దూరం ఎందుకు తమ్ముడూ, మన సోమశిల రాండి. కొల్లాపూర్ నుంచి దగ్గరే, శ్రీశైలం వెనక నీళ్ళు నిండుగా ఉన్నప్పుడు ఆ గుట్టల మధ్య పడవ ప్రయాణం చూస్తే ఇంక వేరే ఊరు అడగరు. జూరాల, కోయిల్‌సాగర్ కూడా ఉన్నయ్. జూరాల చేపలు వేయించి పెట్టే హోటళ్ళ కోసమే హైదరాబాద్ నుంచి వస్తరు. బొచ్చె, రవ్వ, వాలుగ, జెల్ల, అదృష్టం ఉంటే కొర్రమీను. ఇంతకంటే ఏం కావాలి?

మిర్యాల_గాలం:
అన్నా, సోమశిల మీద నాకు చాలా ఇష్టం ఉంది, దానికి వేరే రోజు పెట్టుకుంటాం. ఇప్పుడు అడిగేది ఉప్పునీళ్ళ సంగతి.

దివిసీమ_అల్లుడు:
నాది నకిరేకల్, అత్తగారిది నాగాయలంక. పండక్కి పోయినప్పుడల్లా మా బావమరదులతో పాయల్లోనే తిరుగుతాను కాబట్టి తెలిసింది చెప్తాను, కొంచెం పొడుగవుతుంది.

ముందుగా ఒక సంగతి మనసులో పెట్టుకోండి. సాగర్‌లో నీటిమట్టం నెలల మీద మారుతుంది. 590 అడుగులకు నిండినప్పుడు ఒక దరి, ఎండాకాలంలో 510కి దిగినప్పుడు ఇంకో దరి, కానీ ఇవాళ పొద్దున ఉన్న నీళ్ళు సాయంత్రానికీ దాదాపు అక్కడే ఉంటాయి. పాయల్లో అలా కాదు. రోజుకు రెండుసార్లు పోటు వస్తుంది, రెండుసార్లు పాటు దిగుతుంది, అంటే సుమారు ఆరు గంటలు నీళ్ళు సముద్రం నుంచి లోపలికి ఎక్కుతాయి, ఆరు గంటలు వెనక్కి పోతాయి. అది కూడా రోజూ ఒకే వేళకు రాదు, సుమారు 50 నిమిషాలు వెనక్కి జరుగుతూ పోతుంది. ఇవాళ పొద్దున ఏడింటికి నిండు పోటు ఉంటే రేపు ఎనిమిదికి కాస్త ముందు. అమావాస్యకి, పున్నమికి పోటు బాగా ఎక్కుతుంది, పాటు బాగా దిగుతుంది. అష్టమికి అటూ ఇటూ నీళ్ళు పెద్దగా కదలవు. అందుకే అక్కడి మత్స్యకారులు గడియారం కంటే తిథి ముందు చూస్తారు. మీరు కూడా సెలవు ఏ రోజు అని కాకుండా ఆ వారం తిథి ఏమిటి, ఆ రోజు పాటు ఎన్నింటికి మొదలవుతుంది అని చూసుకుని బయల్దేరండి. స్థలం ఎంచుకోవడం ఆ తర్వాతి మాట.

పోటు ఉన్నప్పుడు చేప అంతా చెదిరిపోతుంది. మడ చెట్ల వేళ్ళ మధ్యకి, పర్రలోకి ఎక్కుతుంది. పర్ర అంటే తెలియనివాళ్ళకి చెప్తాను, చెట్లు పెద్దగా లేని ఉప్పు బయలు, మామూలు రోజుల్లో ఎండిపోయి తెల్లగా ఉప్పు తేలి ఉంటుంది, పెద్ద పోటుకు మాత్రం పల్చగా నీళ్ళు ఎక్కుతాయి. అక్కడ ఇలకూర లాంటి ఉప్పు మొక్కలు తప్ప ఏమీ బతకవు. చిన్న చేప, రొయ్య పిల్ల ఆ పల్చటి నీళ్ళలో మేస్తుంది. పాటు మొదలవగానే ఆ నీళ్ళన్నీ సన్న కాలువల గుండా పెద్ద పాయలోకి పడతాయి, చిన్న చేపలు వాటితో పాటు కొట్టుకొస్తాయి. అక్కడ, సరిగ్గా సన్న కాలువ పెద్ద పాయలో కలిసే మూల దగ్గర, పండుగప్ప కాచుకుని ఉంటుంది. పాటు మొదలైన మొదటి రెండు గంటలు ఆ మూల వదలకండి.

వైజాగ్‌కాలనీ_వల:
నకిరేకల్ అన్న చెప్పింది నిజం. మాది నేరెడుగొమ్ము మండలం వైజాగ్ కాలనీ, సాగర్ వెనక నీళ్ళ ఒడ్డు. మా పెద్దవాళ్ళు వైజాగ్ వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డారు, ఇప్పుడు ఆదివారం వస్తే హైదరాబాద్ కార్లన్నీ మా దగ్గరే ఆగుతాయి వేయించిన చేప కోసం. మా చుట్టాలు ఇంకా సముద్రం మీదే ఉన్నారు కాబట్టి రెండు రకాల నీళ్ళూ చూశాను.

ఎర గురించి చెప్తాను. ఇక్కడ మీరు తవుడు, పల్లి చెక్క ముద్ద, ఎర్రలు వాడుతారు కదా. పండుగప్పకి ఇవి పెద్దగా పనికిరావు. అది వేటాడే చేప, దానికి బతికున్న రొయ్య కావాలి, లేదంటే చిన్న కత్తిపరిగ. రొయ్యని తోక దగ్గర గుచ్చాలి, తలలో గుచ్చితే చచ్చిపోతుంది. ఇక కత్తిపరిగని పట్టాలంటే అది బురద మీద నాచు తినే చేప, గాలానికి అంత తేలిగ్గా రాదు, చిన్న ముల్లుకి బ్రెడ్డో గోధుమ పిండి ముద్దో పెట్టి ఓపిక పట్టాలి. స్థానికులు దాన్ని విసురు వలతోనే పడతారు.

దారం విషయం ముఖ్యం. పండుగప్ప మొప్పల మూత అంచు చాలా పదును, సన్న దారం కోసేస్తుంది. ముల్లుకి ముందు రెండు మూడు అడుగులు మందపాటి నైలాన్ కట్టుకోండి. రాడ్డు, రీలు మీవే సరిపోతాయి కానీ ఇంటికి రాగానే మంచినీళ్ళతో కడిగి ఆరబెట్టి నూనె వేయకపోతే ఉప్పుకి వారంలో తుప్పు పడుతుంది.

పెద్ద పండుగప్ప దొరికితే ఒక్క మాట. ఆ చేప మొదట మగదిగా పెరిగి, పెద్దయ్యాక ఆడదిగా మారుతుంది. అంటే పెద్దవన్నీ దాదాపు తల్లులే. తినడానికి మధ్య రకం ఉంచుకుని పెద్దదాన్ని వదిలేయండి. మండపీత కూడా అంతే, పొట్ట కింద గుడ్లు ఉన్న ఆడ పీతని ఎవరూ సంచిలో వేయకండి. అది గుడ్లు వదలడానికే సముద్రం వైపు పోతూ ఉంటుంది.

హాలియా_కయాక్:
మిర్యాల_గాలం చెప్పిన కయాక్ నాదే. సాగర్‌లో చాలాసార్లు వేశాను, ఈత వచ్చు, లైఫ్ జాకెట్ ఉంది. పాయ అంటే సన్నగా, లోతు లేకుండా ఉంటుంది కదా, పెద్ద జలాశయం కంటే ఇదే భద్రం అనిపిస్తోంది. ఎవరో పడవవాళ్ళ మీద ఆధారపడకుండా మనకు నచ్చిన చోటికి మనమే పోవచ్చు. దీంట్లో ఇబ్బంది ఏముంది?

దివిసీమ_అల్లుడు:
ఇబ్బంది ఉంది తమ్ముడూ, గట్టిగానే చెప్తాను. సన్న పాయలోనే పాటు వేగం ఎక్కువ, ఎందుకంటే పర్ర మీద పరుచుకున్న నీళ్ళన్నీ ఆ ఇరుకు దారిలోంచే పోవాలి. ఆ వేగం మిమ్మల్ని మొగ వైపు, అంటే పాయ సముద్రంలో కలిసే చోటు వైపు లాగుతుంది, మొగ దగ్గర అలలు విరుగుతుంటాయి. తెడ్డుతో ఎదురు కొట్టడం ఆరోగ్యవంతుడికి కూడా ఎక్కువసేపు సాధ్యం కాదు. రెండోది, నీళ్ళు దిగిపోయాక మీరు బురదలో ఇరుక్కుంటారు. దిగి నడుద్దామంటే మోకాలి పైకి దిగబడుతుంది, మళ్ళీ పోటు వచ్చేదాకా ఎండలో కూర్చోవాలి. మూడోది గాలి నింపిన కయాక్. మడ వేళ్ళు మొనలు తేలి ఉంటాయి, వాటి మీద అతుక్కున్న ఆల్చిప్పలు బ్లేడులా కోస్తాయి. సాగర్‌లో రాయి తగిలితే గీత పడుతుంది, ఇక్కడ చిల్లు పడుతుంది.

మా మామగారి ఊళ్ళో పడవవాళ్ళు లోపలి పాయల్లో మోటారు ఆపి గడతోనే తోస్తారు. ఏ మలుపు దగ్గర ఇసుక మేట వేసిందో, ఎక్కడ గుంజలు పాతి వల కట్టారో వాళ్ళకే తెలుసు, అది ప్రతి తుఫాను తర్వాతా మారుతుంది. మాప్‌లో కనిపించే కాలువ నిరుడిది.

హాలియా_కయాక్:
గుంజల వల మాట నేను ఆలోచించలేదు. మరి వాళ్ళ వలలకి దగ్గర్లో మనం గాలం వేస్తే ఒప్పుకుంటారా?

వైజాగ్‌కాలనీ_వల:
అడిగితే ఒప్పుకుంటారు, అడగకపోతే గొడవే. ఇక్కడ మన చెరువుల మీద మత్స్య సహకార సంఘానికి హక్కు ఉన్నట్టే అక్కడ ఏ కాలువలో ఎవరు వల కట్టాలి అని ఊరి కట్టుబాటు ఉంటుంది. కాగితం మీద ఉండకపోవచ్చు కానీ అందరూ పాటిస్తారు. ముందు రోజు సాయంత్రమే ఊరికి చేరుకోండి, రేవు దగ్గర పెద్దమనిషిని కలవండి, ఆ ఊరి పడవనే మాట్లాడుకోండి. ఆ రోజు వేట మానుకుని మిమ్మల్ని తిప్పుతారు కాబట్టి బేరం గీసి గీసి ఆడకండి, వాళ్ళ రోజు కూలి పోతుంది. పట్టింది అమ్మవద్దు, ఇంటికి కావలసినంతే. ఇంత చేస్తే వాళ్ళే మంచి మూల చూపిస్తారు.

ఇంకొకటి, ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు తూర్పు తీరమంతా మోటారు పడవలకు వేట నిషేధం. ఆ రోజుల్లో రావద్దు. మీరు సంక్రాంతి అంటున్నారు కాబట్టి ఫర్వాలేదు, నవంబర్‌లో అయితే తుఫాను హెచ్చరిక చూసుకోవాలి.

దివిసీమ_అల్లుడు:
నవంబర్ మాట వచ్చింది కాబట్టి. 1977 నవంబర్ 19న దివిసీమ ఉప్పెనలో ఒక్క రాత్రి పదివేల మంది పైన పోయారు, సొర్లగొంది లాంటి ఊళ్ళు తుడిచిపెట్టుకు పోయాయి. మా అత్తగారి ఇంట్లో ఇప్పటికీ ఆ తారీఖు వస్తే పెద్దవాళ్ళు మాట్లాడరు. మడ అడవి దట్టంగా ఉన్నచోట అలల జోరు తగ్గుతుందని అక్కడ పిల్లాడికి కూడా తెలుసు. అందుకే ఒక్క మడ కొమ్మ విరిచి పొయ్యిలో పెట్టినా ఊరుకోరు. చేపలు కాల్చుకుందాం అనుకుంటే బొగ్గులు ఇంటి నుంచే తెచ్చుకోండి.

అమ్రాబాద్_అంచు:
చట్టం సంగతి ఎవరూ ఎత్తలేదు కాబట్టి నేను చెప్తాను. కృష్ణా మొగ దగ్గర మడ అడవిలో చాలా భాగం కృష్ణా వన్యప్రాణి అభయారణ్యం. కాకినాడ దగ్గర కోరింగ కూడా అభయారణ్యమే. 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం లోపలికి పోవాలంటేనే అటవీ శాఖ అనుమతి కావాలి, సరదా గాలానికి అక్కడ చోటు లేదు. నీళ్ళ పిల్లి అనే చేపలు పట్టే అడవి పిల్లి అక్కడ ఉంది, అది బతికేది ఆ పాయల మీదే. మన దగ్గర అమ్రాబాద్ పులుల అడవి అంచున కృష్ణలో ఎక్కడ పడితే అక్కడ పడవ కట్టనివ్వరు కదా, అదే పద్ధతి. అభయారణ్యం హద్దు ఎక్కడ మొదలవుతుందో రేంజ్ ఆఫీసులో అడిగి, దానికి ఇవతల ఊళ్ళ పాయల్లోనే గాలం వేయండి. లోపలికి చూడ్డానికి పోవాలంటే గాలం ఊళ్ళో వదిలేసి, దుర్భిణి పట్టుకుని పోండి.

నల్గొండ_మందులషాపు:
మందుల పెట్టెలో ఏం పెట్టుకోవాలో ఎవరూ అడగలేదు. అక్కడ రెండింటితో జాగ్రత్త. ఒకటి సముద్రపు జెల్ల, వీపు మీదా పక్క రెక్కల దగ్గరా ముల్లు ఉంటుంది, గుచ్చుకుంటే విపరీతమైన నొప్పి. మన చెరువు జెల్లకీ ముల్లు ఉంది కానీ ఆ నొప్పి వేరు. రెండోది టేకు చేప, బురదలో పరుచుకుని పడుకుంటుంది, తొక్కితే తోక ముల్లుతో కొడుతుంది. నీళ్ళలో దిగాల్సి వస్తే అడుగు ఎత్తి వేయకుండా కాలు బురదలో జరుపుతూ నడవండి, అలికిడికి అది తప్పుకుంటుంది. కుట్టిందంటే కాలు ఓర్చుకోగలిగినంత వేడి నీళ్ళలో గంట, గంటన్నర ఉంచాలి, ఆ విషం వేడికి విరుగుతుంది కాబట్టి నొప్పి బాగా తగ్గుతుంది. చర్మం కాలేంత వేడి వద్దు. ఆ తర్వాత ఆసుపత్రికి పోయి టీటీ ఇంజెక్షన్ వేయించుకోవాలి, ముల్లు ముక్క లోపల విరిగిందేమో చూపించుకోవాలి. ఛాతీలో, పొట్టలో గుచ్చుకుంటే మాత్రం ముల్లు పీకకుండా నేరుగా ఆసుపత్రికే. ఫ్లాస్కులో వేడి నీళ్ళు తీసుకుపోవడం టీ కోసమే కాదు, దీనికి కూడా. పాత బూట్లు వేసుకోండి, చెప్పులు బురదలోనే ఉండిపోతాయి.

బాపట్ల_రైలు:
నేను నల్గొండలో ఉద్యోగం, ఊరు బాపట్ల పక్కన. చోట్ల గురించి నాకు తెలిసినంత.

సూర్యలంక: మీకు దగ్గర దారి. మిర్యాలగూడ నుంచి వాడపల్లి, పిడుగురాళ్ళ, నరసరావుపేట, చిలకలూరిపేట మీదుగా కారులో పొద్దున బయల్దేరితే మధ్యాహ్నం భోజనానికి అక్కడ ఉంటారు. నడికుడి, గుంటూరు మీదుగా పోయే రైళ్ళు కూడా ఉన్నాయి. బీచ్‌లో జనం ఎక్కువ, కానీ పక్కనే పాయ, కొంచెం మడ ఉంది. కుటుంబంతో వచ్చేవాళ్ళకి మంచిది, గాలం పిచ్చి ఉన్నవాళ్ళకి ఒక పూట చాలు.

నిజాంపట్నం: ఇది మీకోసమే అనిపిస్తుంది. చేపల హార్బరు ఉన్న ఊరు, చుట్టూ బురద నేలలు, పాయలు, మడ. హోటళ్ళు అంతంత మాత్రం, బస రేపల్లెలో చూసుకోవాలి. తెల్లవారుజామున హార్బరులో పడవలు దిగేటప్పుడు ఒక్కసారి పోయి నిలబడండి, ఆ కాలంలో ఏ చేప నడుస్తుందో బుట్టలు చూస్తేనే తెలిసిపోతుంది. బతికున్న రొయ్య ఎర కూడా అక్కడే అడగండి.

నాగాయలంక, ఏటిమొగ, ఎదురుమొండి: దివిసీమ అల్లుడుగారే చెప్పాలి. దూరం ఎక్కువ, కానీ పాయల అందం అక్కడే.

కోరింగ: బోటు షికారు, మడ మధ్య చెక్క వంతెన నడక. గాలానికి కాదు. పాటు దిగినప్పుడు అక్కడ బోట్లు నడపరు, అందుకని నిండు పోటు వేళ కనుక్కుని పోండి. పులికాట్ చలికాలంలో రాజహంసల కోసం పోవాలి, మీకు మరీ దూరం.

పాలమూరు_పడవ:
నేను సోమశిల అని మొదలుపెట్టిన మనిషినే, కానీ చదివినకొద్దీ ఆసక్తి పుడుతోంది. ఒక సందేహం. మా నారాయణపేట దగ్గర తంగిడిలో మన రాష్ట్రంలోకి వచ్చిన కృష్ణే కదా, జూరాల, శ్రీశైలం, సాగర్, పులిచింతల, ప్రకాశం బ్యారేజీ దాటి హంసలదీవి దగ్గర సముద్రంలో కలిసేది. మరి మన దగ్గర గేట్లు ఎత్తినప్పుడు అక్కడ పాయల్లో చేపకి ఏమవుతుంది?

దివిసీమ_అల్లుడు:
చాలా మంచి ప్రశ్న అన్నా, అసలు ఈ సంగతే అందరూ తెలుసుకోవాలి. సాగర్ 26 గేట్లు ఎత్తి, బ్యారేజీ నుంచి వరద వదిలినప్పుడు పులిగడ్డ దగ్గర చీలిన రెండు పాయల్లోనూ ఎర్రనీళ్ళు వస్తాయి, ఉప్పు మొగ దాకా వెనక్కి పోతుంది. ఆ వారాల్లో పైపాయల్లో మంచినీటి జెల్లలు, బొచ్చెలు కూడా పడతాయి, ఉప్పు కావాలనుకునే చేప మొగలోకి, సముద్రంలోకి జరుగుతుంది. వరద తగ్గాక ఆ నీళ్ళు తెచ్చిన ఒండ్రు, మేత మీద రొయ్య పిల్ల బాగా పెరుగుతుంది, దాని వెంట పండుగప్ప లోపలికి వస్తుంది. మత్స్యకారులు వరద వచ్చిన ఏడాది వేట బాగుంటుందని చెప్పేది అందుకే.

వరద రాని ఏడాది తిరగబడుతుంది. నీళ్ళన్నీ పైనే ఆగిపోతే ఉప్పు పాయ వెంట ఎగువకి ఎక్కుతుంది, లంకల్లో బోర్లు ఉప్పగా అవుతాయి, మడ మొక్కలకి కూడా మంచినీళ్ళు కొంత కావాలి కాబట్టి ఎదుగుదల తగ్గుతుంది. మనం నల్గొండలో సాగర్ నిండిందా లేదా అని వరి కోసం చూస్తాం. అక్కడ మా మామగారు అదే వార్త వల కోసం, తాగే నీళ్ళ కోసం చూస్తారు. సముద్రంలోకి పోయిన నీళ్ళు వృథా అని టీవీలో ఎవరైనా అంటే ఆయన టీవీ కట్టేస్తారు, నాకు కూడా ఆ మాట వింటే బాధే.

పాలమూరు_పడవ:
ఇది నాకు ఇప్పటిదాకా ఎవరూ చెప్పలేదు. మీ నలుగురిలో చోటు ఉంటే నన్నూ కలుపుకోండి. పడవ మాత్రం జాకెట్లు ఇచ్చేదే చూడండి. 2007 జనవరిలో మా మంచాలకట్ట వైపు వస్తున్న బోటు మునిగి అరవై మంది దాకా పోయారు, అప్పటి నుంచి జాకెట్ లేని పడవలో నేను కాలు పెట్టను.

మిర్యాల_గాలం:
తప్పకుండా రా అన్నా. అందరి మాటలు విన్నాక ఇలా అనుకుంటున్నాం. కయాక్ ఇంట్లోనే ఉంటుంది, హాలియా తమ్ముడు కూడా సరే అన్నాడు. శుక్రవారం మధ్యాహ్నం బయల్దేరి రేపల్లెలో రాత్రి బస, ఆ సాయంత్రమే నిజాంపట్నం రేవులో పడవ మాట్లాడుకోవడం. శనివారం పాటు వేళకి పాయలోకి. ఆదివారం నాగాయలంక వైపు పోయి గాలం లేకుండా మడ అడవి చూసి, విజయవాడ మీదుగా ఇంటికి. పున్నమి తర్వాత రెండు మూడు రోజులు దాటిన శనివారం పడేలా చూస్తున్నాం. ఇందులో మార్చాల్సింది ఉందా?

దివిసీమ_అల్లుడు:
పున్నమి తర్వాత రెండు మూడు రోజులు అంటే నీళ్ళ కదలిక ఇంకా బాగానే ఉంటుంది, మంచి ఎంపిక. ఆ రోజు పాటు మధ్యాహ్నం మొదలయ్యేట్టు ఉంటే పొద్దున తొందరపడి పోవద్దు, హార్బరు చూసుకుని తిని నెమ్మదిగా ఎక్కండి. చీకటి పడకముందే రేవుకి చేరేలా పడవవాళ్ళతో ముందే మాట్లాడుకోండి. ఆదివారం నాగాయలంక వస్తే ఘాట్ దగ్గర బోటింగ్ నడుస్తోందో లేదో ముందు రోజు కనుక్కుని చెప్తాను, మా బావమరిది అక్కడే ఉంటాడు.

వైజాగ్‌కాలనీ_వల:
ఐసు పెట్టె పెద్దది తెచ్చుకోండి, ఐసు హార్బరు దగ్గర దొరుకుతుంది. చేపని ఐసులో వేసే ముందు మొప్పలు, పేగులు తీసేస్తే మిర్యాలగూడ దాకా తాజాగా ఉంటుంది. పీతలు మాత్రం ఐసులో వేయకండి, కాళ్ళు కట్టి తడి గోనెసంచిలో నీడన పెడితే బతికే వస్తాయి.